టర్బోను విప్పే ముందు

సొంత చేతులతో విమానం కట్టుకుంటున్న మిత్రులందరికీ నమస్కారం.

బూస్ట్, అంటే టర్బో ఇంజన్‌లోకి ఒత్తి పంపే గాలి ప్రెషర్, తగ్గిందనగానే చాలామంది చూపు టర్బో మీదికే పోతుంది. విప్పేస్తారు, కొత్తదానికి ఆర్డర్ పెట్టేస్తారు. అంత తొందర వద్దని చెప్పడానికే వచ్చాను. ఉదాహరణకి రోటాక్స్ 914 తీసుకుందాం. టేకాఫ్‌కి అయిదు నిమిషాలపాటు 115 హార్స్‌పవర్, ఆ పైన ఎంతసేపైనా 100 ఇచ్చే ఇంజన్ అది.

అందులో వేస్ట్‌గేట్ అనేది ఒక చిన్న తలుపు. అది మూసుకునేకొద్దీ ఎగ్జాస్ట్ గ్యాస్, టర్బోను తిప్పే టర్బైన్ చక్రం మీదికి ఎక్కువగా వెళ్తుంది, బూస్ట్ పెరుగుతుంది. నేల దగ్గర గాలి చిక్కన కాబట్టి తలుపు కొంత తెరిచే ఉంటుంది. పైకి పోతుంటే కంట్రోల్ యూనిట్ దాన్ని మూస్తూ వస్తుంది. పూర్తిగా మూసుకున్న ఎత్తు దాటితే ఇక బూస్ట్ పడిపోవాల్సిందే.

ఇప్పుడు ఎగ్జాస్ట్ పైపులో సన్నని పగులు ఉందనుకోండి. నేల మీద ఏమీ తెలియదు. కారిపోయిన గ్యాస్‌కి బదులుగా యూనిట్ తలుపును ఇంకాస్త మూసి లెక్క సరిచేస్తుంది. రన్‌అప్‌లో, అంటే ఎగిరే ముందు నేల మీద చేసే ఇంజన్ పరీక్షలో, అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి. కాని పోయిన నెల హాయిగా ఎక్కిన ఎత్తుకి చాలా కిందే ఈసారి బూస్ట్ జారిపోతుంది. టర్బోలో గాలిని ఒత్తే కంప్రెసర్ తరవాత గొట్టం క్లాంప్ వదులైనా ఇదే కథ. అందుకే ఏ ఎత్తులో బూస్ట్ తగ్గడం మొదలైందో ప్రతిసారీ లాగ్‌బుక్‌లో రాయమని బతిమాలుతున్నాను. ఆ ఒక్క అంకె చెప్పినంత సంగతి ఇంకేదీ చెప్పదు.

లీకు పట్టుకోవడానికి ఇంజన్ చల్లారాక వాక్యూమ్ క్లీనర్ గాలి వదిలే వైపు గొట్టాన్ని టెయిల్‌పైప్‌కి (ఎగ్జాస్ట్ బయటికి వదిలే చివరి గొట్టానికి) బిగించి, జాయింట్ల మీద సబ్బు నీళ్ళు చల్లండి. బుడగలు వచ్చినచోటే లీకు. గాలి లోపలికి వెళ్ళే దారినీ ఇలాగే చూడండి. ఆ తరవాత వేస్ట్‌గేట్ కేబుల్ తీసి, లీవర్‌ని చేత్తో కదపండి. మసి పట్టిన షాఫ్ట్ అక్కడక్కడా ఆగుతుంది.

ప్యానెల్ మీది 914 హెచ్చరిక దీపాలు కూడా చూసుకోండి. ఎర్రది ఆగకుండా వెలిగితే బూస్ట్ హద్దు దాటింది. మినుకుమంటే అయిదు నిమిషాల గడువు దాటింది. నారింజది మినుకుమంటే సెన్సర్, సర్వో (వేస్ట్‌గేట్ కేబుల్‌ని లాగే మోటారు) వైపు వెతకాలి.

బూస్ట్ సరిగ్గానే ఉండి ఎగ్జాస్ట్ వేడి పెరుగుతుంటే పెట్రోలు ప్రెషర్ చూడండి. ఎయిర్‌బాక్స్ (టర్బో ఒత్తిన గాలి కార్బురేటర్లకు చేరే పెట్టె) ప్రెషర్ కన్నా అది సుమారు 0.25 బార్ ఎక్కువ ఉండాలి. ఆ తేడాను నిలిపే రెగ్యులేటర్‌కి ఎయిర్‌బాక్స్ నుంచి వెళ్ళే సన్న గొట్టం ఊడితే, సరిగ్గా ఫుల్ పవర్‌లో ఇంజన్‌కి పెట్రోలు చాలదు.

లైకమింగ్, కాంటినెంటల్ టర్బో ఇంజన్లు పెట్టుకున్నవాళ్ళకి మరొక్క మాట. టర్బోకి టెయిల్‌పైప్‌ని పట్టి ఉంచే వి-బ్యాండ్ క్లాంప్ (చుట్టూ బిగించే లోహపు పట్టీ) తెగితే మండే గ్యాస్ కౌలింగ్‌లోకే, అంటే ఇంజన్ మీది మూత లోపలికే, వస్తుంది. ఈ ప్రమాదాల వల్లే 2023లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ, స్పాట్ వెల్డింగ్ చేసిన కొన్ని రకాల క్లాంపులకు 500 గంటల ఆయుష్షు పెట్టింది. ఆ ఆదేశం మీ విమానానికి వర్తించినా వర్తించకపోయినా ఆ గడువు పాటించండి. క్లాంపుని స్క్రూడ్రైవర్‌తో ఎత్తి తీయకండి. వెల్డింగ్ చుక్కల దగ్గర వెంట్రుకంత గీత కనిపించినా ఆ క్లాంపుని మళ్ళీ బిగించకండి.