హార్మోన్ సూది పడిన తర్వాతి పది రోజులు

సభకు నమస్కారం. ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చిన తల్లులకు, వారితో కలిసి వచ్చి ఇక్కడ కూర్చున్న భర్తలకు, ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తలకు నా ధన్యవాదాలు. నన్ను మాట్లాడమన్న విషయం సంతానలేమికి వాడే హార్మోన్ చికిత్స. అందులోనూ అండం విడుదల కావడానికి వేసే హెచ్‌సీజీ సూది గురించి, దానికి ముందు వాడే మాత్రలూ సూదుల గురించి ఎక్కువగా చెబుతాను. ఇవి మంచి మందులే. అవసరం ఉన్నవారికి, స్కాన్ చూస్తూ ఇస్తే ఎన్నో ఇళ్లలో ఉయ్యాల కట్టించిన మందులు. అయితే వీటి ప్రమాదం సూది వేసిన గదిలో కనబడదు. చాలాసార్లు మూడో రోజు నుంచి పదో రోజు మధ్యలో, మనిషి ఇంట్లో ఉండగా కనబడుతుంది. ఆసుపత్రి పక్క వీధిలో ఉన్నవారికి ఇది పెద్ద విషయం కాకపోవచ్చు. విశాఖపట్నంలోనో బరంపురంలోనో సూది వేయించుకుని నౌపడ లైను బండెక్కి ఇల్లు చేరే మనకు ఇదే అసలు విషయం.

ముందు ఆ హార్మోన్ ఏం చేస్తుందో చూద్దాం. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి ప్రతి నెలా రెండు హార్మోన్లను రక్తంలోకి పంపుతుంది. ఎఫ్ఎస్‌హెచ్ అనేది అండాశయంలో అండం చుట్టూ ఉండే నీటితిత్తిని, అంటే ఫాలికల్‌ను పెంచుతుంది. ఎల్‌హెచ్ అనేది నెల మధ్యలో ఒక్కసారిగా పెరిగి, ముదిరిన ఫాలికల్ పగిలి అండం బయటికి వచ్చేలా చేస్తుంది. హెచ్‌సీజీ ఈ రెండూ కాదు. అది గర్భం వచ్చిన తర్వాత మాయ తయారుచేసే హార్మోన్. 1927లో బెర్లిన్‌లో అష్‌హైమ్, జొండెక్ అనే ఇద్దరు వైద్యులు గర్భిణుల మూత్రంలో అండాశయాలను కదిలించే పదార్థం ఒకటి ఉందని కనుగొన్నారు. ఆ మూత్రాన్ని చిట్టెలుకలకు ఎక్కించి, వాటి అండాశయాల్లో వచ్చే మార్పును బట్టి గర్భాన్ని గుర్తించే పరీక్షనూ వారే తెచ్చారు. ఇవాళ మందుల షాపులో కొనే గర్భ పరీక్ష పట్టీ పసిగట్టేది కూడా ఈ హెచ్‌సీజీనే.

హెచ్‌సీజీ శరీరంలో ఎల్‌హెచ్ పనిచేసే చోటే పనిచేస్తుంది. అందుకే దాన్ని సూదిగా ఇస్తే ఫాలికల్ పగులుతుంది. ఈ రెండు హార్మోన్లకూ తేడా ఒక్కటే. రక్తంలోకి వచ్చిన ఎల్‌హెచ్ గంటలోపే సగానికి పడిపోతుంది. హెచ్‌సీజీ సగం కావడానికి ఒక రోజుకు పైగా పడుతుంది. పని గట్టిగా జరగడానికీ అదే కారణం, పని ఆగవలసిన చోట ఆగకపోవడానికీ అదే కారణం. ఈ మాట గుర్తుంచుకోండి, ప్రమాదాల సంగతి వచ్చినప్పుడు మళ్లీ ఇక్కడికే వస్తాం.

సూది ఎప్పుడు వేయాలో స్కాన్ చెబుతుంది. నెలసరి వచ్చిన తొమ్మిదో రోజో పదో రోజో మొదలుపెట్టి, రోజు విడిచి రోజు ఫాలికల్ ఎంత పెరిగిందో కొలుస్తాం. అది రోజుకు సుమారు రెండు మిల్లీమీటర్లు పెరుగుతూ 18 నుంచి 20 మిల్లీమీటర్లకు చేరినప్పుడు, గర్భసంచి లోపలి పొర కూడా తగినంత మందంగా ఉంటే, 5,000 లేక 10,000 యూనిట్ల హెచ్‌సీజీ వేస్తాం. అక్కడి నుంచి సుమారు 36 నుంచి 40 గంటల్లో అండం విడుదలవుతుంది. రాత్రి తొమ్మిదింటికే సూది వేయించుకోవాలని డాక్టరు గట్టిగా చెప్పేది అందుకే. కొన్ని కంపెనీల మందును ఫ్రిజ్‌లోనే ఉంచాలి. ఎండాకాలంలో మధ్యాహ్నం బండిలో ఒళ్లో ఐసు పెట్టిన ఫ్లాస్కు పట్టుకుని, దాని మూత తీసి చూసి మళ్లీ బిగించుకుంటూ కూర్చున్న ఆడపిల్లలను మీరూ చూసే ఉంటారు. ఆ మందు గడ్డకట్టినా పాడవుతుంది కాబట్టి సీసా ఐసుకు నేరుగా తగలకుండా గుడ్డ చుట్టి పెట్టాలి.

ఈ చికిత్స ఎవరికి పనికొస్తుంది? ముఖ్యంగా అండం సరిగా విడుదల కానివారికి. అండాశయాల్లో చిన్న చిన్న ఫాలికల్స్ ఎక్కువగా ఉండి, నెలసరి రెండు మూడు నెలలకోసారి వచ్చే పీసీఓడీ వారిలో చాలామంది ఈ కోవలోకే వస్తారు. వీరికి మొదట సూది అక్కర్లేదు, మాత్రలు చాలు. క్లోమిఫిన్ అనే మాత్రకు అమెరికాలో 1967లో అనుమతి వచ్చింది. లెట్రోజోల్ అనేది మొదట రొమ్ము క్యాన్సర్ కోసం వచ్చిన మందు. అండం విడుదలకూ అది పనికొస్తుందని తేలాక మన దేశంలో విరివిగా వాడారు. తర్వాత భయాలు తలెత్తి, 2011లో సంతానలేమికి దాని వాడకాన్ని కేంద్ర ప్రభుత్వం నిషేధించింది, ఆపై కొన్నేళ్లకు ఆ నిషేధాన్ని ఎత్తివేసింది. 2014లో అమెరికాలో పీసీఓడీ ఉన్న 750 మంది స్త్రీలపై జరిపిన పరిశీలన ఫలితాలు వెలువడ్డాయి. లెట్రోజోల్ తీసుకున్నవారిలో 27.5 శాతం మందికి, క్లోమిఫిన్ తీసుకున్నవారిలో 19.1 శాతం మందికి బిడ్డలు పుట్టారు. ఇప్పుడు పీసీఓడీ వారికి ఎక్కువమంది వైద్యులు మొదట రాసేది లెట్రోజోలే. బరువు ఎక్కువ ఉన్నవారిలో వందకు అయిదు కిలోలు తగ్గినా కొందరికి ఏ మందూ లేకుండానే నెలసరి దారిలో పడుతుంది. ఈ మాట చెబితే డాక్టరు తప్పించుకుంటున్నారని కొందరు అనుకుంటారు. నిజానికి అది చికిత్సలో మొదటి మెట్టు.

మాత్రలకు లొంగనివారికి, ఐవీఎఫ్, అంటే అండాన్ని ఒంటి బయట వీర్యకణంతో కలిపే టెస్ట్‌ట్యూబ్ పద్ధతి చేసుకునేవారికి గొనడోట్రోపిన్ సూదులు, అంటే ఫాలికల్స్‌ను నేరుగా పెంచే హార్మోన్ సూదులు ఇస్తాం. ఇక్కడ మన పొరుగు రాష్ట్రం బెంగాల్‌లో పనిచేసిన ఒక వైద్యుడిని తలచుకోవడం నా బాధ్యత అనుకుంటాను. 1978 జులై 25న ఇంగ్లండులో తొలి టెస్ట్‌ట్యూబ్ బిడ్డ పుట్టింది. అదే ఏడాది అక్టోబరు 3న కలకత్తాలో దుర్గ పుట్టింది. అక్కడ ఆ పని చేసిన డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ తల్లికి గొనడోట్రోపిన్ సూదులిచ్చి అండాలను పెంచారు, పిండాన్ని శీతలీకరించి దాచి, తర్వాతి నెలలో గర్భసంచిలో ఉంచారు. ఇంగ్లండువారు ఆ బిడ్డ విషయంలో సూదులు లేకుండా సహజంగా పెరిగిన ఒక్క అండంతోనే పనిచేశారు. నేడు ప్రపంచమంతా నడుస్తున్నది ముఖోపాధ్యాయ చూపిన పద్ధతికి దగ్గరి పద్ధతిలోనే. ఆనాటి ప్రభుత్వం వేసిన కమిటీ ఆయన మాట నమ్మలేదు. 1981లో ఆయన ప్రాణం తీసుకున్నారు. ఆయనకు రావలసిన గుర్తింపు ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు గానీ రాలేదు.

ఇక ఈ సూది ఎవరికి పనికిరాదో చెప్పాలి. ట్యూబులు రెండూ మూసుకుపోయిన స్త్రీకి ఎన్ని అండాలు విడుదల చేయించినా అవి గర్భసంచిని చేరే దారి లేదు. మన దేశంలో ట్యూబులు దెబ్బతినడానికి గర్భసంచికి వచ్చే క్షయ ఒక ముఖ్య కారణం. దగ్గు లేకుండానే, జ్వరం లేకుండానే అది ఏళ్ల తరబడి లోపల ఉండవచ్చు. ట్యూబుల పరీక్ష చేయకుండా నెలల తరబడి సూదులు వేయించుకోవడం డబ్బూ కాలమూ రెండూ పోగొట్టుకోవడమే. ముప్పై అయిదు దాటిన స్త్రీకి పోయిన కాలం మళ్లీ రాదు. అందుకే ఆ వయసువారు ఏడాది కాకుండా ఆరు నెలలు చూసి వైద్యుని దగ్గరకు రావాలని చెబుతాం.

భర్తలకు ఒక మాట. సంతానం కలగని జంటల్లో సుమారు సగం మందిలో మగవారి వైపు కూడా లోపం ఉంటుంది. వీర్యపరీక్ష సులువైనది, ఖర్చు తక్కువ, నొప్పి లేనిది. అది చేయించకుండా భార్యకు మొదటి సూది వేయించడం అన్యాయం. అత్తగారి మాటలు, పొరుగువారి చూపులు అన్నీ ఆమె మీదే పడతాయి. కనీసం పరీక్షల్లోనైనా ఇద్దరూ సమానంగా నిలబడాలి. కండల కోసమో నీరసం పోవడానికో టెస్టోస్టిరాన్ సూదులు వేయించుకునే యువకులు ఈ మధ్య పెరిగారు. బయటి నుంచి ఆ హార్మోన్ ఇస్తే పిట్యూటరీ తన పని ఆపేస్తుంది, వీర్యకణాల తయారీ పడిపోతుంది, కొందరిలో పూర్తిగా ఆగిపోతుంది. ఆపేసిన తర్వాత తిరిగి రావడానికి నెలలు పట్టవచ్చు. పిట్యూటరీ లోపంతో వీర్యకణాలు తయారుకాని కొద్దిమంది మగవారికి మాత్రం ఇదే హెచ్‌సీజీ సూది నెలల తరబడి ఇస్తే ఫలితం ఉంటుంది.

ఇప్పుడు అసలు ముప్పు. అండాశయాలు మోతాదు మించి స్పందిస్తే, పదులకొద్దీ ఫాలికల్స్ ఒకేసారి పెరిగితే, ఆ స్థితిలో హెచ్‌సీజీ వేస్తే, అండాశయాలు ఉబ్బి రక్తనాళాలను వదులు చేసే పదార్థాలను విడుదల చేస్తాయి. రక్తంలోని నీరు నాళాలు దాటి కడుపులోకి, ఒక్కోసారి ఊపిరితిత్తుల చుట్టూ చేరుతుంది. కడుపు ఉబ్బుతుంది, నాళాల్లో మిగిలిన రక్తం చిక్కబడుతుంది, మూత్రం తగ్గుతుంది, రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. దీన్ని ఓహెచ్ఎస్ఎస్ అంటాం. ఐవీఎఫ్ చేసుకునేవారిలో తీవ్రమైన రూపం నూటికి ఒకరిద్దరికి వస్తుందని పుస్తకాలు చెబుతాయి. పీసీఓడీ ఉన్నవారికి, సన్నగా ఉండే చిన్న వయసువారికి అది మరింత దగ్గర. గర్భం నిలిస్తే మాయ కూడా హెచ్‌సీజీ తయారుచేస్తుంది కాబట్టి, తగ్గిందనుకున్నది రెండో వారంలో మళ్లీ తిరగబెడుతుంది. హెచ్‌సీజీ రక్తంలో త్వరగా కరగదని ఇందాక చెప్పింది ఇందుకే.

కాశీనగరం వైపు నుంచి వచ్చిన ఒక ఇల్లాలిని చూశాను. వేరే ఊళ్లో సూది వేసి అయిదు రోజులైంది. చీర కుచ్చిళ్లు దోపుకోవడానికి నడుము దగ్గర చోటు లేక పవిటతోనే చుట్టుకుని వచ్చింది. ఇంట్లోవారు గ్యాస్ అనుకుని వాము నీళ్లు కాచి ఇచ్చారు, తగ్గకపోతే ఇంగువ కలిపి ఇచ్చారు. పడుకుంటే ఊపిరి ఆడడం లేదని రెండు రాత్రులుగా గోడకు ఆనుకుని కూర్చుంటోంది. ఉదయం నుంచి ఒక్కసారే, అదీ కొంచెమే మూత్రానికి వెళ్లింది. చేతిలో ఉన్న చీటీలో సూది పేరు లేదు, తేదీ మాత్రం ఉంది. ఆ తేదీ చూసి, స్కాన్ చేసి, సంగతి తెలుసుకున్నాం. ఆ తేదీ కూడా లేకపోతే కడుపులో నీరు చూసి ముందు మరేదో జబ్బు వెతికేవాళ్లం. ఆమె కోలుకుంది.

అందుకని నేను కోరేవి పెద్ద పనులు కావు. సూది వేయించుకున్న రోజే మందు పేరు, మోతాదు, తేదీ, వేళ, స్కాన్‌లో ఎన్ని ఫాలికల్స్ ఉన్నాయో కాగితం మీద రాయించుకోండి. రాసినవారి ఫోన్ నంబరు కూడా ఉండాలి. రోజూ ఉదయం ఒకే త్రాసు మీద బరువు చూసుకోండి. ఒక్క రోజులో కిలో మించి పెరిగితే, మూత్రం తగ్గితే, ఆయాసం వస్తే, కాలో చేయో వాచి నొప్పి పెడితే, కడుపు ఒక పక్క ఒక్కసారిగా మెలిపెట్టినట్టు నొప్పి వచ్చి వాంతులైతే తెల్లవారేదాకా ఆగవద్దు. చివర చెప్పిన నొప్పి బరువెక్కిన అండాశయం తన తాడు మీద మెలితిరగడం వల్ల కావచ్చు, అప్పుడు ఆపరేషన్ ఆలస్యమైతే అండాశయమే పోతుంది. కడుపు ఉబ్బి ఉన్న రోజుల్లో బరువులు ఎత్తవద్దు, దాంపత్యానికి దూరంగా ఉండండి. ఫాలికల్స్ మరీ ఎక్కువ కనబడిన నెలలో సూది వేయనన్న డాక్టరు మీద కోపం తెచ్చుకోవద్దు, ఆయన మీ ప్రాణం చూస్తున్నారు. ఐవీఎఫ్‌లో హెచ్‌సీజీకి బదులు వేరే సూదితో అండాన్ని ముదిరించి, పిండాలను శీతలీకరించి, తర్వాతి నెలల్లో గర్భసంచిలో పెట్టే మార్గం ఉంది. పీసీఓడీ వారు దాని గురించి నోరు తెరిచి అడగాలి.

కవలల సంగతి. క్లోమిఫిన్‌తో వచ్చిన గర్భాల్లో నూటికి ఏడెనిమిది కవలలు ఉంటాయి, గొనడోట్రోపిన్ సూదులతో అంతకంటే చాలా ఎక్కువ. ఒకే కాన్పులో ఇద్దరంటే ఇంట్లో అందరికీ సంబరమే. నెలలు నిండకముందే పుట్టే బిడ్డలకు ప్రత్యేక వార్డు కావాలి, తల్లికి బీపీ పెరగవచ్చు, రక్తం పోవచ్చు. అలాంటి కాన్పు ఎక్కడ జరగాలో అయిదో నెలలోనే నిర్ణయించుకోవాలి. ఇంకొకటి, హెచ్‌సీజీ వేసిన పది పన్నెండు రోజుల్లో ఇంట్లో గర్భ పరీక్ష చేసుకోవద్దు. పట్టీ మీద రెండో గీత ఆ సూది వల్లే రావచ్చు. ఆ గీత చూసి ఊరంతా చెప్పి, నాలుగు రోజులకు నెలసరి వచ్చి కుమిలిపోయినవారు ఉన్నారు. రెండు వారాలు ఆగి రక్తపరీక్ష చేయించుకోండి.

సికిల్ సెల్ జబ్బు గురించి చెప్పి ముగిస్తాను. ఒడిశా పశ్చిమ, దక్షిణ జిల్లాల్లో ఇది ఎక్కువ. ఈ జబ్బు ఉన్నవారి రక్తకణాలు ఒంట్లో నీరు తగ్గినప్పుడు కొడవలిలా వంగి నాళాలకు అడ్డుపడతాయి. ఓహెచ్ఎస్ఎస్‌లో జరిగేది సరిగ్గా అదే, రక్తం చిక్కబడడం. కాబట్టి ఈ జబ్బు ఉన్న స్త్రీకి ఆ సంగతి తెలియకుండా హార్మోన్ సూదులు ఇవ్వడం చాలా ప్రమాదం, గర్భం కూడా పెద్ద ఆసుపత్రి పర్యవేక్షణలోనే సాగాలి. 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ కార్యక్రమం కింద నలభై ఏళ్ల లోపు వారికి ఈ పరీక్షలు చేస్తున్నారు. ఆశా కార్యకర్తలారా, సంతానం కోసం బయటి ఊరికి వెళ్తున్నామని ఏ జంట మీతో చెప్పినా మొదట ఈ పరీక్ష కార్డు ఉందా అని అడగండి. ఐయూఐ, అంటే వీర్యాన్ని గర్భసంచిలోకి ఎక్కించే పద్ధతి, ఐవీఎఫ్ చేసే కేంద్రాలు సంతాన చికిత్సా కేంద్రాల కోసం వచ్చిన 2021 చట్టం కింద నమోదై ఉండాలి, ఆ నమోదు పత్రం గోడ మీద ఉందో లేదో చూడమని చెప్పండి. సూది వేసిన తేదీ మీ రిజిస్టర్‌లో రాసుకుని, మూడో రోజున ఒకసారి, ఏడో రోజున ఒకసారి ఆ ఇంటికి వెళ్లి బరువు చూడండి.