ప్రోస్టేట్ పెరిగినప్పుడు ఆపరేషన్ ఎప్పుడు, ఎలా

(దృశ్యం: వేసవి. కోనసీమలో నీళ్లు కట్టేసిన పంట కాలువ. పూడిక తీస్తున్న యంత్రం.)

వ్యాఖ్యానం: ధవళేశ్వరం దగ్గర ఎంత నీరు వదిలినా, మధ్యలో కాలువ పూడుకుపోతే శివారు పొలానికి తడి అందదని డెల్టా రైతుకు చెప్పనక్కరలేదు. అరవై దాటిన మగవారిలో చాలామందికి మూత్రం దగ్గర వచ్చే ఇబ్బంది ఇంచుమించు ఇటువంటిదే. మూత్రాశయం కింద, మూత్రనాళాన్ని చుట్టుకొని ఉండే ప్రోస్టేట్ గ్రంథి, యౌవనంలో సుమారు 20 గ్రాముల బరువున్నది, వయసుతో పాటు పెరుగుతూ తన మధ్యగా పోయే నాళాన్ని నొక్కివేస్తుంది. ఇది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారదు కూడా. అయితే ఒకే మనిషిలో రెండూ ఉండవచ్చు కనుక వైద్యులు క్యాన్సర్ అనుమానం ఉందేమో చూడడానికి చేసే పీఎస్ఏ రక్తపరీక్ష గురించి మాట్లాడతారు.

(దృశ్యం: రాత్రి. చేపల చెరువు గట్టు మీద కాపలా పాక. టార్చి వెలుతురు.)

కాపలా ఉండే ఒక పెద్దాయన రాత్రికి నాలుగు సార్లు లేస్తాడు. నిలబడి చాలాసేపు వేచి చూడాలి. వచ్చిన ధార ముందుకు పడక పాదాల దగ్గరే రాలి పంచె అంచు తడుస్తుంది. పాకలోకి వెళ్లి పడుకోగానే మళ్లీ వచ్చినట్లుంటుంది. అడిగితే "వయసండి, ఏం చేస్తాం" అంటాడు. నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువ హాని చేస్తున్నది ఈ మాటే. ఎందుకంటే అడ్డు ఉన్నంతకాలం మూత్రాశయం అదనపు బలంతో నెడుతూనే ఉంటుంది. దాని గోడ మందమై, కొన్నేళ్లకు అలసిపోతే, ఆ తరువాత దారి తెరిచినా నెట్టే శక్తి పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

అందరికీ ఆపరేషన్ అవసరం లేదు. ఈ ఇబ్బందుల గురించి డాక్టరు అడిగే ఏడు ప్రశ్నలకు 35 మార్కుల పట్టికలో 20 గానీ అంతకు మించి గానీ వస్తే లక్షణాలు తీవ్రమని లెక్క. ధార వేగం సెకనుకు 10 మిల్లీలీటర్ల లోపు ఉందా, మూత్రం పోసిన తరువాత లోపల ఎంత మిగిలింది అన్నవి కూడా చూస్తారు. మందుల్లో టామ్సులోసిన్ కొద్ది రోజుల్లోనే గ్రంథి దగ్గరి కండరాన్ని సడలిస్తుంది. గ్రంథిని కుదించే ఫినాస్టరైడ్, డ్యూటాస్టరైడ్ పని చేయడానికి ఆరు నెలలైనా పడుతుంది. మందులతో గుణం లేకపోయినా, మూత్రం బిగిసిపోయి వేసిన గొట్టం తీస్తే మళ్లీ రాకపోయినా, మాటిమాటికి ఇన్ఫెక్షన్ గానీ మూత్రంలో రక్తం గానీ వస్తున్నా, మూత్రాశయంలో రాళ్లు ఏర్పడినా, కిడ్నీల మీద ఒత్తిడి పడినా ఆపరేషన్ మాట వస్తుంది. ఒక హెచ్చరిక: మందుల షాపులో అడిగి వేసుకున్న జలుబు మాత్రతో ఉన్నట్టుండి మూత్రం బిగిసిపోయి ఆసుపత్రికి పరుగెత్తేవారూ ఉన్నారు.

(దృశ్యం: కత్తిపీట మీద కొబ్బరి కోరుతున్న చేతులు.)

ఎక్కువగా చేసే ఆపరేషన్ టీయూఆర్‌పీ. సాధారణంగా నడుముకు మత్తు ఇచ్చి, పైన ఎక్కడా కోత లేకుండా, మూత్రనాళం గుండా సన్నని పరికరం పంపి, కరెంటు పారే తీగ ఉంగరంతో గ్రంథి లోపలి భాగాన్ని, చిప్పను వదిలి కొబ్బరి కోరినట్లు, ముక్కలు ముక్కలుగా తీస్తారు. ఆ ముక్కలను పరీక్షకు పంపుతారు. చిప్ప మిగిలే ఉంటుంది కనుక తరువాత కూడా క్యాన్సర్ విషయంలో జాగ్రత్త అవసరం. గ్రంథి మరీ పెద్దదైతే హోలెప్ అనే లేజరు పద్ధతి మేలు. అందులో కోరడం ఉండదు; కురిడీ చిప్ప నుంచి విడిపోయినట్లు పెరిగిన భాగమంతటినీ విడదీసి, మూత్రాశయంలోకి నెట్టి, అక్కడ ముక్కలు చేసి బయటకు లాగుతారు. ఆ సదుపాయం లేనిచోట పొట్ట కింద కోసి తీయడం నేటికీ ఉంది.

ఆపరేషన్ అయ్యాక గొట్టం పెట్టి, సెలైన్‌తో లోపల కడుగుతూ ఉంటారు. సంచిలో నీళ్లు గులాబీ రంగులో కనిపిస్తే కంగారు అక్కరలేదు. సాధారణంగా రెండు మూడు రోజుల్లో గొట్టం తీస్తారు. ధార ముందు బాగుపడుతుంది, మంట, ఆపుకోలేకపోవడం తగ్గడానికి వారాలు పడుతుంది. పది, పద్నాలుగు రోజులకు లోపలి పెచ్చు ఊడి కొంచెం ఎర్రగా రావచ్చు. గడ్డలు అడ్డుపడి మూత్రం ఆగితే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. నెల, నెలన్నర పాటు ధాన్యం బస్తాలు ఎత్తడం, బండి నడపడం, మలబద్ధకంతో ముక్కడం కూడదు.

కొడుకుల ఎదుట ఎవరూ అడగని సంగతి ఒకటుంది. ఈ ఆపరేషన్ల తరువాత ఎక్కువమందికి వీర్యం బయటకు రాక మూత్రాశయంలోకి వెళుతుంది; దానివల్ల హాని లేదు, అంగస్తంభన చాలామందికి మునుపటిలాగే ఉంటుంది. డాక్టరుగారిని ఒంటరిగా కలిసినప్పుడు ముందే అడగండి.

(దృశ్యం: కొలత గ్లాసు, పక్కన నోటుపుస్తకం.)

రాత్రి లేవడానికి షుగరు, కాళ్ల వాపు వంటి కారణాలూ ఉంటాయి. అవి ఆపరేషన్‌తో పోవు. అందుకే డాక్టరు దగ్గరకు వెళ్లే ముందు మూడు రోజులు, ఏ గంటకు ఎంత తాగారో, ఎంత పోశారో కొలిచి రాయండి. రక్తం గడ్డకట్టకుండా వేసుకునే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి మాత్రలు వాడుతుంటే ఆ చీటీ కూడా ఆ పుస్తకంలోనే పెట్టండి, వాటిని మీ అంతట మీరు ఆపకండి.