విల్లుకు ఇన్ని హంగులెందుకు?

శ్రోతలందరికీ నమస్కారం.

ఈసారి టీవీలో ఆర్చరీ పోటీ వచ్చినప్పుడు కాస్త చెవులు రిక్కించి వినండి. ఆర్చర్ అల్లెతాడును గడ్డం దాకా లాగి నిలబడతాడు. ఒకటి రెండు సెకన్లు ఏమీ జరగదు. ఆ తర్వాత 'టిక్'మని చిన్న చప్పుడు వినిపిస్తుంది. మరుక్షణం బాణం వెళ్లిపోయి ఉంటుంది. ఆ చప్పుడు చేసేది క్లిక్కర్ అనే సన్నని ఉక్కు రేకు. ఒలింపిక్స్‌లో వాడే, కొసలు ముందుకు వంగి ఉండే రికర్వ్ విల్లుకు ఇలాంటి హంగులు ఇంకా చాలా ఉంటాయి. ముందుకు పొడుచుకొచ్చిన పొడవాటి కడ్డీ, వెనక్కి తిరిగిన రెండు పొట్టి కడ్డీలు, ఎదురుగా చిన్న రింగు, బాణాన్ని ఆనుకుని స్ప్రింగు ఉన్న ఒక బటన్. వీటిని చూసి చాలామంది ఒకటే మాట అంటారు: "ఇన్ని తగిలించుకుంటే ఎవరైనా కొడతారు, ఇందులో మనిషి గొప్పేముంది?"

ఆ మాట వింటే నా మనసు చివుక్కుమంటుంది. వీటిలో ఏ ఒక్కటీ మనిషికి బదులు గురి చూడదు. అర్హత రౌండులో ఆర్చర్ 72 బాణాలు వేస్తాడు. మొదటి బాణం ఎలా వేశాడో చివరి బాణం కూడా అచ్చం అలాగే వెయ్యాలి. అలసట వచ్చినా, గాలి తిరిగినా, టెన్షన్‌తో గుండె దడదడలాడినా అలాగే వెయ్యాలి. ఈ పరికరాలన్నీ పుట్టింది ఆ ఒక్క అవసరం కోసమే.

అది ఎంత కష్టమో చిన్న లెక్కతో తెలుస్తుంది. రికర్వ్‌లో లక్ష్యం 70 మీటర్ల దూరంలో ఉంటుంది. దాని మధ్యలో 10 పాయింట్లు వచ్చే వలయం వెడల్పు 12.2 సెంటీమీటర్లు. ఆర్చర్ కంటికీ, గురి చూడటానికి ముందున్న సైట్ రింగుకూ మధ్య దూరం సుమారు 85 సెంటీమీటర్లు అనుకుందాం. ఆ రింగు ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే 70 మీటర్ల దగ్గర అది 8 సెంటీమీటర్లకు పైగా తేడా. అంటే నట్టనడుమ తగలాల్సిన బాణం 10 వలయం దాటిపోయి 9లోకి వెళ్తుంది.

2024 పారిస్ ఒలింపిక్స్ పురుషుల ఫైనల్ చాలామందికి గుర్తుండే ఉంటుంది. దక్షిణ కొరియాకు చెందిన కిమ్ వూజిన్, అమెరికాకు చెందిన బ్రాడీ ఎల్లిసన్ 5–5తో సమానంగా నిలిచారు. చెరో బాణంతో తేల్చుకోమన్నారు. ఇద్దరూ 10 కొట్టారు. చివరికి కేంద్రం నుంచి దూరం కొలిస్తే కిమ్ బాణం 55.8 మిల్లీమీటర్లు, ఎల్లిసన్ బాణం 60.7 మిల్లీమీటర్లు. తేడా 4.9 మిల్లీమీటర్లు. ఇందాకటి లెక్క ప్రకారం దాన్ని సైట్ దగ్గరికి తీసుకొస్తే 0.06 మిల్లీమీటర్లు, దాదాపు తలవెంట్రుక మందం. బంగారు పతకానికీ వెండి పతకానికీ మధ్య ఉన్నది అంతే.

సైట్‌తోనే మొదలుపెడదాం. రికర్వ్ సైట్‌లో భూతద్దం ఉండకూడదు, ఎలక్ట్రానిక్ పరికరం ఏదీ ఉండకూడదు. ఉండేది ఉత్త రింగు, కొన్నిటిలో మధ్యలో చిన్న చుక్క. రింగే ఎందుకంటే, గుండ్రని దానిలో గుండ్రని దాన్ని మధ్యకు తెచ్చుకోవడం మన కంటికి పెద్ద శ్రమ లేకుండా వచ్చే పని. లక్ష్యం నడుమనున్న పసుపు వలయం రింగులో కనిపిస్తే చాలు, దాన్ని నడిమికి తీసుకురమ్మని కంటికి వేరే చెప్పక్కర్లేదు. కొత్తవాళ్లు సూదిమొన లాంటి పిన్ను కావాలంటారు. సన్నగా ఉంటే గురి బాగా కుదురుతుందని వాళ్ల ఆశ. అయితే చెయ్యి అన్నాక కదులుతూనే ఉంటుంది, ఎంత గొప్ప ఆర్చర్‌కైనా సరే. పిన్ను ఎంత సన్నగా ఉంటే ఆ కదలిక అంత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దాన్ని ఆపాలని కండరాలు బిగబడతాయి, అక్కడే బాణం చెడుతుంది. నన్నడిగితే నేర్చుకునేవాళ్లకు కాస్త పెద్ద రింగే మేలు.

సైట్‌ను విల్లు నుంచి ఎంత ముందుకు పెట్టాలన్నది కూడా ఆలోచించాల్సిన విషయమే. ముందుకు జరిపేకొద్దీ గురి సున్నితంగా సరిచేసుకోవచ్చు. దానితోపాటు చేతి వణుకు కూడా ఎక్కువగా కనిపిస్తుంది. పైగా తక్కువ బలమున్న విల్లుతో 70 మీటర్లు వెయ్యాలంటే సైట్‌ను బాగా కిందికి దించాలి. అప్పుడు బాణం ఈకలు వెళ్తూ వెళ్తూ దానికి రాసుకునే ప్రమాదం ఉంది. అలాంటివాళ్లు సైట్‌ను లోపలికి లాక్కోక తప్పదు.

తుపాకీకి ముందొకటి, వెనకొకటి రెండు సైట్లుంటాయి. రికర్వ్ విల్లుకు వెనక సైట్ లేదు, పెట్టుకోనివ్వరు. ఆ లోటు తీర్చేది ఆర్చర్ ముఖమే. తాడు ప్రతిసారీ గడ్డానికీ, ముక్కు కొసకూ ఒకే చోట తగలాలి. చెయ్యి దవడ ఎముక కింద ఒకే చోట ఆనాలి. వేళ్లకు తొడుక్కునే ట్యాబ్‌కు పైన చిన్న అరలాంటిది పెడతారు, అది దవడ కిందికి సరిగ్గా అమరడానికి. చూడటానికి తోలుముక్క, దాని పనిమాత్రం వెనక సైట్ పని.

ఇక ఆ పొడవాటి కడ్డీ, స్టెబిలైజర్. దీన్ని విల్లుల్లోకి తెచ్చిన ఘనత అమెరికాలో విల్లులు తయారుచేసిన ఎర్ల్ హాయిట్‌ది, 1961లో. నా లెక్కలో ఆధునిక విల్లుకు జరిగిన మేళ్లలో ఇదే పెద్దది.

వేళ్లు తాడును వదిలాక బాణం తాడును అంటిపెట్టుకుని ఉండేది సెకనులో యాభయ్యో వంతు కంటే తక్కువ సమయం. ఆ కాస్త వ్యవధిలో విల్లు చేతిలో ఏమాత్రం మెలితిరిగినా బాణం దారి మారిపోతుంది. అంత తక్కువ సమయంలో మనిషి గమనించి సరిదిద్దుకోవడం అసాధ్యం, మెదడుకు కబురు అందేలోపే బాణం గాల్లో ఉంటుంది. కాబట్టి ఆ క్షణం పాటు విల్లు దానంతటదే నిలకడగా ఉండాలి. దీనికి భౌతికశాస్త్రం ఒక మంచి దారి చూపించింది. ఒక బరువును తిరుగుడు కేంద్రం నుంచి రెట్టింపు దూరంలో పెడితే, అది మెలితిరగడాన్ని నాలుగు రెట్లు అడ్డుకుంటుంది. 70 సెంటీమీటర్ల దూరంలో పెట్టిన 150 గ్రాముల బరువు చేసే పనిని, 35 సెంటీమీటర్ల దగ్గర చేయించాలంటే 600 గ్రాములు కావాలి. అందుకే కడ్డీని తేలికైన కార్బన్ గొట్టంతో చేసి, బరువునంతా చివరికి చేరుస్తారు. గొట్టం సన్నగా ఉండటం కూడా ముఖ్యమే, లావైతే పక్కగాలికి విల్లు ఊగుతుంది. వెనక్కి తిరిగిన పొట్టి కడ్డీలు ముందు బరువుకు సమతూకం ఇస్తాయి. చివర్లో ఉండే రబ్బరు ముక్క అదురును మింగేస్తుంది.

బాణం వదిలాక విల్లు ముందుకు ఒరిగి, తలకిందులై ఊగడం చూసే ఉంటారు. అది స్టైల్ కోసం చేసేది కాదు. ఆర్చర్ అసలు విల్లును పట్టుకోడు. అరచేతిలో బొటనవేలి మొదట్లో ఉన్న మెత్తటి భాగానికి గ్రిప్ ఆనించి నెడతాడు, వేళ్లు వదులుగా వేలాడుతుంటాయి. గట్టిగా పట్టుకుంటే ప్రతిసారీ ఒక్కో రకంగా మెలితిప్పుతాడు కాబట్టి పట్టుకోకపోవడమే పద్ధతి. బొటనవేలికీ చూపుడువేలికీ కట్టుకున్న చిన్న తాడు విల్లు కింద పడకుండా ఆపుతుంది. బూట్లకు కట్టే లేసు ముక్కతో కూడా ఆ పని అయిపోతుంది. వేల రూపాయలు ఖరీదు చేసే కడ్డీ ప్రయోజనం నెరవేరాలంటే ఈ లేసు ముక్క ఉండాల్సిందే.

మళ్లీ క్లిక్కర్ దగ్గరికి వద్దాం. విల్లు నడిమి భాగానికి ఈ రేకును బిగించి, దాని కింది నుంచి బాణాన్ని పెడతారు. ఆర్చర్ లాగుతున్నంతసేపూ బాణం రేకు కింద జారుతుంటుంది. సరిగ్గా అనుకున్నంత లాగగానే బాణం మొన రేకును దాటుతుంది, రేకు విల్లుకు కొట్టుకుని టిక్‌మంటుంది. అంతే, అప్పుడు వదలాలి. అర సెంటీమీటరు ఎక్కువ లాగితే ఏమవుతుందో లెక్క వేస్తే, బాణం వేగం సుమారు ఒక శాతం పెరుగుతుంది. 70 మీటర్ల దగ్గర అది పదీ పన్నెండు సెంటీమీటర్లు పైకి తగులుతుంది. అర సెంటీమీటరు తేడాను కంటితో, ఒంటితో పసిగట్టడం ఎవరివల్లా కాదు. రేకు పసిగడుతుంది.

దీనికి ఇంకో గుణం ఉంది, అది నాకు మరీ ఇష్టం. గురి కుదిరింది అనుకున్న క్షణంలో "వదిలెయ్, వదిలెయ్" అని మనసు తొందరపెడుతుంది. ఆ తొందరలో వేళ్లు గుంజుకుంటాయి. ఈ జబ్బు ముదిరి విల్లు పక్కన పెట్టేసినవాళ్లూ ఉన్నారు. క్లిక్కర్ ఆ నిర్ణయాన్ని మనసు చేతిలోంచి తీసేసుకుంటుంది. ఎప్పుడు వదలాలన్న బెంగ ఆర్చర్‌కు ఉండదు. వెన్ను కండరాలతో మెల్లగా లాగుతూ ఉండటమే అతని పని, చప్పుడు దానంతటదే వస్తుంది.

బాణం పక్కన ఉండే ప్లంజర్ బటన్ గురించి ఒక్కమాట. వేళ్లమీదుగా తాడు జారేటప్పుడు కొద్దిగా పక్కకు తప్పుకుంటుంది. దానివల్ల బాణం తిన్నగా పోదు, చేపలా అటూ ఇటూ వంగుతూ విల్లును చుట్టుకుని బయటపడుతుంది. ఆ మొదటి ఒత్తిడిని బటన్‌లోని స్ప్రింగు సర్దుతుంది. స్ప్రింగును బిగించి, వదులుచేసి బాణాలను కుడి ఎడమలకు సరిచేసుకుంటారు.

ఇప్పుడు మనకు బాగా దగ్గరి విషయం, కాంపౌండ్ విల్లు. రెండు కొసలకూ కప్పీల్లాంటి చక్రాలుండే ఈ విల్లుకు హోలెస్ విల్బర్ ఆలెన్ అనే అమెరికన్ 1966లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు, 1969లో వచ్చింది. పూర్తిగా లాగాక బరువు చాలామటుకు తగ్గిపోవడం దీని విశేషం. లాగడానికి 50 పౌండ్ల బలం కావలసిన విల్లును లాగి పట్టి నిలపడానికి పది పన్నెండు పౌండ్ల బలం సరిపోవచ్చు. అందువల్ల గురి మీద నిలబడటానికి సమయం దొరుకుతుంది, నియమాలు కూడా ఇక్కడ ఉదారంగా ఉంటాయి. సైట్‌లో లెన్సు పెట్టుకోవచ్చు, లెన్సు బిగించిన ఆ గుండ్రని సైట్‌ను స్కోప్ అంటారు. అల్లెతాడు పోగుల మధ్య పీప్ అనే చిన్న రంధ్రం పెట్టుకుని అందులోంచి చూడొచ్చు. పీప్ గుండ్రం, స్కోప్ గుండ్రం ఒకదానిలో ఒకటి అమరితే కన్ను సరైన చోట ఉన్నట్టే. రంధ్రం చిన్నదైతే లక్ష్యం స్పష్టంగా కనిపిస్తుంది, మబ్బు పట్టినా పొద్దువాలినా మాత్రం మసకైపోతుంది. ఒకవైపు నుంచి ఎండ పడితే స్కోప్ అంచు మెరిసి మధ్య ఎక్కడో కంటికి తప్పుగా తోస్తుంది. అందుకే దానికి చిన్న నీడగొట్టం తగిలిస్తారు.

స్కోప్ అడుగున ఒక చిన్న గాజు గొట్టంలో బుడగ ఉంటుంది, తాపీమేస్త్రీలు వాడే రసమట్టమే అది. విల్లు పక్కకు ఒరిగిందా లేదా చెబుతుంది. కాంపౌండ్ బాణం సెకనుకు 85 మీటర్ల వేగంతో వెళ్తుందనుకుంటే, 50 మీటర్లు చేరేలోపు గురుత్వాకర్షణ దాన్ని సుమారు 1.7 మీటర్లు కిందికి లాగుతుంది. విల్లు ఒక్క డిగ్రీ ఒరిగితే బాణం 3 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. కాంపౌండ్‌లో 10 వలయం వెడల్పు 8 సెంటీమీటర్లే కాబట్టి 3 అంటే చిన్న తేడా కాదు. రికర్వ్‌లో బాణం వేగం తక్కువ, దూరం ఎక్కువ. అదే ఒక్క డిగ్రీ అక్కడ 11, 12 సెంటీమీటర్లవుతుంది. అయినా రికర్వ్‌లో రసమట్టం నిషేధం. అందుకే ఆ ఆటను నేను మరింత గౌరవిస్తాను.

కాంపౌండ్‌లో తాడును వేళ్లతో వదలరు, రిలీజ్ అనే చేతి పరికరంతో వదులుతారు. వాటిలో ఒక రకం, వెన్నుతో లాగుతుంటే మెల్లగా తిరిగి, ఆర్చర్ ఊహించని క్షణంలో తాడును వదిలేస్తుంది. క్లిక్కర్‌లో ఉన్న సూత్రమే ఇక్కడ ఇంకో రూపంలో ఉంది.

ఇవన్నీ అందరికీ అందుబాటులో ఉన్నవే. అయినా 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల ఫైనల్లో మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 150కి 149 కొట్టింది. 15 బాణాల్లో 14 బాణాలు ఆ 8 సెంటీమీటర్ల వలయంలోనే దిగాయి. ఎదురు నిలిచిన కొరియా అమ్మాయి సో చేవాన్ దగ్గరా ఇవే పరికరాలున్నాయి, ఆమె స్కోరు 145. ఆ క్రీడల్లో సురేఖ గెలిచిన స్వర్ణాలు మూడు. రికర్వ్‌లో విజయవాడ కుర్రాడు బొమ్మదేవర ధీరజ్ పారిస్ ఒలింపిక్స్‌లో అంకిత భకత్‌తో కలిసి నాలుగో స్థానం దాకా వెళ్లాడు. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ పోటీని మొదటిసారి చేర్చారు. మన రెండు రాష్ట్రాల పిల్లలకు ఇది చాలా పెద్ద అవకాశం.

అందుకే తల్లిదండ్రులతో రెండు మాటలు. ఈ సామాను ఖరీదైనది, మేలైనది చాలావరకు విదేశాల నుంచే రావాలి. మొదటిరోజే అన్నీ కొనేసి అప్పులపాలు కావద్దు. మొదట కావలసినవి చేతికి ఆర్మ్‌గార్డు, వేళ్లకు ట్యాబ్, ఛాతీకి గార్డు. తాడు తగిలి చెయ్యి కమిలిన పిల్ల తర్వాతి బాణానికి భయంతో కళ్లు మూసుకుంటుంది, అప్పుడు ఏ సైట్ పెట్టినా వృథానే. నిలబడటం, లాగడం కుదిరాక సైట్ కొనండి. లాగే దూరం స్థిరపడ్డాకే క్లిక్కర్. బరువైన స్టెబిలైజర్లు పిల్లలకు వద్దే వద్దు, భుజం దెబ్బతింటుంది. పన్నెండు, పదమూడేళ్ల వయసులో చేతులు చకచకా పెరుగుతాయి కాబట్టి క్లిక్కర్ స్థానాన్ని కొన్ని నెలలకోసారి కోచ్‌తో సరిచూపించాలి. నిరుడు కుదిరిన కొలత ఈ ఏడు కుదరదు.

చివరగా పైసా ఖర్చులేని ఒక పని. ప్రతి బాణానికీ విల్లు అదురుతుంది, ఆ అదురుకు సైట్ స్క్రూలు తెలియకుండానే వదులవుతాయి. స్క్రూ తల మీది నుంచి పక్కనున్న లోహం మీదికి తెల్ల పెన్నుతో ఒక తిన్నని గీత గియ్యండి. ప్రాక్టీసుకు ముందు ఒకసారి చూడండి. గీత విరిగినట్టు కనిపిస్తే స్క్రూ తిరిగిందని అర్థం. పిల్లాణ్ణి కోప్పడేముందు దాన్ని బిగించండి.

సెలవు. నమస్కారం.