ఆ రోజు కరెంటు పోలేదు

నేను: నమస్తే. ఈ ఎపిసోడ్ స్టూడియోలో కాదు, సికింద్రాబాద్‌లో మా మేనమామ ఇంట్లో రికార్డ్ చేస్తున్నా. పక్కనే వంటిల్లు, మధ్యలో కుక్కర్ కూత వినిపిస్తే ఏమనుకోకండి. మామ ఇరవై ఏడేళ్లు సినిమా హాల్లో ఆపరేటర్‌గా చేశాడు. మామా, ముందు ఇది చెప్పు. 'గన్స్ ఆఫ్ నవరోన్' ఎన్నిసార్లు చూశావు?

మామ: ఒక్కసారి కూడా చూడలేదు బిడ్డా.

నేను: అదేంటి! వారానికి ఇరవై ఎనిమిది ఆటలు వేశానన్నావు కదా.

మామ: వేశాను. వేయడం వేరు, చూడడం వేరు. క్యాబిన్ గోడకి అరచేయంత అద్దం ఉంటుంది. దాంట్లోంచి బొమ్మ ఫోకస్‌లో ఉందా లేదా అన్నంత వరకే చూస్తాం. మెషిన్ చప్పుడులో మాటలు సరిగా వినపడవు. వినపడినా అది ఇంగ్లీషు, నాకొచ్చింది పదో క్లాసు ఇంగ్లీషు. నా లెక్కలో ఆ సినిమా అంటే కొండెక్కే రీలు, పెళ్లి రీలు, ఫిరంగులు పేలే రీలు. మధ్యలో ఎవడు ఎవణ్ణి మోసం చేశాడో మీ అత్తని అడగాలి, ఆమె బాల్కనీలో కూర్చుని చూసింది.

నేను: అది 1961 సినిమా. నువ్వు పనిలో చేరింది డెబ్భైల్లో. మరి నీ చేతికెలా వచ్చింది?

మామ: పాతవి తిరిగి వేసేవాళ్లు కదా, ఎక్కువగా మార్నింగ్ షోలు. ప్రింటు ఎక్కడెక్కడో తిరిగి తిరిగి వచ్చేది. తెర మీద ఒకటే గీతలు, ఎండాకాలం సీన్లో కూడా వాన పడుతున్నట్టు ఉండేది. జనం పట్టించుకునేవాళ్లు కాదు. యుద్ధం సినిమా అయితే చాలు, హౌస్‌ఫుల్. మాటలు అర్థం కాకపోయినా బాంబు అందరికీ అర్థమవుతుంది.

నేను: ఇంగ్లీషు సినిమాకి అప్పట్లో ఎక్కడికి వెళ్లేవాళ్లు?

మామ: ఇటువైపైతే సంగీత్, టివోలీ, ప్లాజా. అటు బషీర్‌బాగ్‌లో స్కైలైన్. సంగీత్‌లో 70 ఎంఎం చూడాలని హైదరాబాద్ అవతలి కొస నుంచి రెండు బస్సులు మారి వచ్చేవాళ్లు. ఇప్పుడు ఆ హాలు లేదు. బస్సులో మాత్రం 'సంగీత్ చౌరస్తా ఎవరు, ముందుకు రండి' అని ఇంకా అరుస్తాడు కండక్టర్. ఎక్కేది ఏ కాలేజీ పిల్లలో, వాళ్లకి సంగీత్ అంటే ఒక స్టాప్, అంతే.

నేను: పారడైజ్ కూడా అంతే కదా. నేనైతే చాన్నాళ్లు అది బిర్యానీ పేరే అనుకున్నా.

మామ: ముందు టాకీసు! 1953లో ఆ సినిమా హాల్లో చిన్న క్యాంటీన్‌గా మొదలైంది హోటల్. హాలు పోయింది, క్యాంటీన్ మాత్రం ఊళ్లేలుతోంది. (నవ్వు) మా క్యాబిన్ వాళ్లకి ఇది కొత్తేం కాదులే. ఎప్పుడూ క్యాంటీన్ వాడిదే పైచేయి. ఇంగ్లీషు సినిమాల్లో చాలావాటికి ఇంటర్వెల్ ఉండదు. ఎక్కడ ఆపాలో మేమే చూసుకోవాలి. కథ చూసి ఆపేవాళ్లమనుకున్నావా? సమోసాలు నూనెలోంచి తీశారని కింద నుంచి కబురొస్తే, ఆ రీలు అయిపోగానే ఇంటర్వెల్.

నేను: ఒక రీలు ఎంతసేపు వస్తుంది?

మామ: పెద్ద రీలు 2,000 అడుగులు. ఇరవై, ఇరవై రెండు నిమిషాలు. అందుకే రెండు మెషిన్లు. ఒకదాంట్లో బొమ్మ ఆడుతుంటే రెండోదాంట్లో తర్వాతి రీలు ఎక్కించి పెట్టుకోవాలి. తెర మీద కుడివైపు పై మూలలో ఒక చుక్క మెరుస్తుంది. కన్ను మూసి తెరిచేలోపు పోతుంది. అది కనపడగానే రెండో మెషిన్ మోటార్ వేయాలి. ఏడెనిమిది సెకన్లకి రెండో చుక్క. అప్పుడు ఇది మూసి అది తెరవాలి. కింద కూర్చున్నవాడికి తెలిస్తే నువ్వు పనికిరానట్టు.

నేను: మరి లైటు? బల్బు కాదుగా అప్పుడు.

మామ: కార్బన్ కడ్డీలు. రెండు కడ్డీల మొనలు ఎదురెదురుగా పెట్టి, ఒకసారి తాకించి వెనక్కి లాగితే మధ్యలో మంట లేస్తుంది. వెల్డింగ్ లాగా. ఆ వెలుగే అద్దం మీద పడి తెరకి పోతుంది. కడ్డీ కాలుతూ అరిగిపోతుంటుంది కాబట్టి మర తిప్పి దగ్గరికి జరుపుతూ ఉండాలి. సందు పెరిగిందా, ముందు తెర పసుపెక్కుతుంది, తర్వాత ఆరిపోతుంది. ఇరవై ఏడేళ్లు నా కుడిచెయ్యి ఆ మర మీదే ఉంది.

నేను: ఇప్పుడు అసలు సంగతికి రా. 'బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్'.

మామ: (నిట్టూర్పు) నీకు అది చెప్పకుండా ఉండాల్సింది.

నేను: తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 1957 సినిమా, డేవిడ్ లీన్ తీశాడు, 7 ఆస్కార్లు వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ వాళ్లకి పట్టుబడ్డ బ్రిటిష్ సైనికులు ఒక రైలు వంతెన కడతారు. దాన్ని పేల్చడానికి ఇంకో దళం వస్తుంది. సినిమా అంతా ఆ పేలుడు కోసమే ఎదురుచూస్తాం.

మామ: ఆదివారం మ్యాట్నీ. కంటోన్మెంట్ నుంచి జవాన్లు వచ్చి నాలుగైదు వరసలు కూర్చున్నారు. ఆ సినిమాలో ఈలపాట ఉంటుంది చూడు, మార్చింగ్ పాట. హాలంతా ఈలలే. పైన నాక్కూడా వినిపించింది. ఇన్నాళ్లూ వేస్తున్నా, వంతెన ఎలా పేలుతుందో ఈసారి చూద్దామని బుద్ధి పుట్టింది. చివరి రీలు. రెండు చేతులూ గోడకి ఆనించి, అద్దానికి ముక్కు తగిలేలా నిలబడ్డా. నీళ్లు తగ్గి బాంబుల వైరు బయటపడింది. అవతల రైలు కూత. ఆ ముసలి కల్నల్ వైరు చూసేశాడు. నాకు గుండె దడ. ఎవడో తెర మీద పసుపు పూసినట్టుంది, అదీ సినిమాలోదే అనుకున్నా.

నేను: అయ్యో.

మామ: ఆరిపోయింది. మోటార్ తిరుగుతూనే ఉంది కదా, శబ్దం మాత్రం వస్తోంది. చీకట్లో రైలు చప్పుడు, తర్వాత ఢాం! నేను కడ్డీలు కలిపి మళ్లీ వెలిగించేసరికి వంతెన నదిలో ఉంది. కిందకి దిగితే మేనేజర్ ఎదురొచ్చాడు. కరెంటు పోయింది సార్ అన్నా. ఆయన ఏమీ మాట్లాడకుండా తలెత్తి ఫ్యాన్ చూశాడు. తిరుగుతోంది.

నేను: (నవ్వు) జనం ఏమన్నారు?

మామ: జవాన్లు కుర్చీలు బాదారు. గేట్ కీపర్‌తో ఒకాయన మాత్రం అన్నాడట, చీకట్లో పేలుడు భలే తీశాడయ్యా అని.

నేను: నీకో సంగతి చెప్పనా? షూటింగ్‌లోనూ అదే జరిగింది. సిలోన్‌లో, అంటే ఇప్పటి శ్రీలంకలో, కితుల్‌గల దగ్గర నిజంగా వంతెన కట్టి, నిజం రైలు నడిపారు. కెమెరా వాళ్లు ఒక్కొక్కరు తాము సిద్ధమని లైటు వేసి చెప్పాలి. ఒకాయన సిగ్నల్ రాలేదని పేల్చడం ఆపేశారు. రైలు వంతెన దాటి అవతలికి పోయి గుద్దుకుంది. మళ్లీ అంతా సరిచేసి తీశారు.

మామ: అంటే నాలాంటోడు అక్కడా ఉన్నాడన్నమాట. ప్రాణం లేచొచ్చింది.

నేను: అసలు వంతెనని ఏ దళమూ వచ్చి పేల్చలేదు తెలుసా. 1945లో విమానాలు బాంబులేశాయి. తర్వాత బాగుచేశారు, థాయ్‌లాండ్‌లో కాంచనబురి దగ్గర ఇప్పటికీ దాని మీద రైలు పోతుంది. ఇంకోటి. ఆ వంతెన ఉన్న 415 కిలోమీటర్ల రైలు లైను కట్టింది బ్రిటిష్ వాళ్లు మాత్రమే కాదు. మలయా, అంటే ఇప్పటి మలేషియా వైపు రబ్బరు తోటల నుంచి తీసుకుపోయిన మన కూలీలు కూడా ఉన్నారు. ఎక్కువమంది తమిళులు, తెలుగువాళ్లూ ఉన్నారు. సైనికులకన్నా కూలీలే ఎన్నో రెట్లు చనిపోయారు. సినిమాలో వాళ్లు లేరు.

మామ: ఈ సంగతి నాకు తెలియదు. అన్నిసార్లు వేశా.

నేను: ఇంకా దగ్గరి సంగతి. ఆ మలయాలో జపాన్‌తో పోరాడిన వాటిలో హైదరాబాద్ రెజిమెంట్ నాలుగో బెటాలియన్ ఉంది. పేరు మన నిజాం కాలం నాటి దళం నుంచి వచ్చిందే. మనుషులు మాత్రం కుమావూ, జాట్, అహీర్ వాళ్లు. 1945లో పేరు కుమావూ రెజిమెంట్‌గా మార్చారు.

మామ: అంటే ఆ రోజు కుర్చీలు బాదిన జవాన్లలో ఎవరి నాన్నో, ఎవరి తాతో అక్కడ ఉండే ఉంటాడు. (కాసేపు మౌనం) మాట్లాడుకునే ఉంటారు, పైన నాకేం వినపడుతుంది.

నేను: మన సినిమాల్లో ఏది బాగా వేశావు?

మామ: 'హకీకత్' వచ్చేది అప్పుడప్పుడూ, చైనా యుద్ధం మీద తీసింది. ఆ సినిమాకి ఈలలు ఉండవు. ముక్కు చీదే చప్పుళ్లు. తెలుగులో చాన్నాళ్లు రాజులు, కత్తులే కదా. యుద్ధం సినిమా 'కంచె' వచ్చేసరికి నేను పని మానేసి ఎన్నాళ్లో.

నేను: మామ ఎట్టకేలకి ఆ వంతెన పేలడం చూశాడు. మొన్న ఆదివారం నా టాబ్‌లో పెట్టా. ఎలా ఉంది?

మామ: గీతల్లేవు. మరీ తేటగా ఉంది, నాకు కొత్త సినిమాలా అనిపించింది. రైలు కూత రాగానే నా కుడిచెయ్యి దానంతటదే లేచింది, మర తిప్పడానికి.

నేను: చూశాను. అత్త నవ్వింది కూడా. ఈసారి ఆరలేదు కదా?

మామ: ఎక్కడ? సరిగ్గా వైరు బయటపడే చోట మూలన ఎర్రగా ఏదో వెలిగింది. చుక్క వచ్చిందనుకున్నా. చూస్తే బ్యాటరీ 4 శాతం. చార్జర్ తెమ్మని అరిచింది నిన్నే కదా!