పిల్లలకి ఏ ఆట? ముందు వాళ్ళ వంతు చూడండి

నమస్తే అండీ. "మా బాబుకి ఐదేళ్ళు, ఏ ఆట కొనమంటారు?" సెలవులు దగ్గరపడితే చాలు, నాకు ఇదే ప్రశ్న. వెనకే ఇంకో మాట. "పెట్టె మీద ఎనిమిదేళ్ళు దాటినవాళ్ళకి అని ఉంది, అయినా మావాడు చురుకైనవాడే, ఆడేస్తాడు లెండి." కొంటారు. నాలుగు రోజులు తిరక్కుండానే ఆ పెట్టె బీరువా ఎక్కుతుంది. అప్పుడు తీర్పు చెప్పేస్తారు: "ఈ కాలం పిల్లలకి ఫోను తప్ప ఏదీ పట్టదండీ." ఈ మాట వింటే నాకు నిజంగా కష్టంగా ఉంటుంది. అక్కడ పిల్లాడి తప్పేముంది? ఆ ఆటలో వాడు చేయడానికి ఏమీ లేకపోయి ఉంటుంది, లేదా చేయలేనంత ఉండి ఉంటుంది.

అందుకే ఈ రోజు ఒకే ఒక్క సంగతి చెబుతాను. ఆట ఎంచుకునేటప్పుడు బొమ్మలూ రంగులూ కాసేపు పక్కన పెట్టండి. మీ పాప వంతు వచ్చిందనుకోండి. ఆ వంతులో పాప ఏం చేస్తుంది? ఎంతవరకు లెక్కపెట్టాలి? తనంతట తాను తేల్చుకోవాల్సింది ఏమైనా ఉందా? చేయి ఎంత కుదురుగా ఉండాలి? మళ్ళీ తన వంతు వచ్చేదాకా ఎంతసేపు ఆగాలి? ఇవి చూసుకుంటే సగం పని అయిపోయినట్టే.

దీనికి అష్టాచెమ్మా తీసుకుంటాను, గవ్వలు వేసి, ఎంత పడితే అన్ని గళ్ళు కాయలు నడిపే ఆట. మీరంతా ఆడినదే కాబట్టి ఆట మొదట్నుంచీ చెప్పను.

[నేల మీద సుద్దముక్కతో అయిదు అయిదుల ఇరవై అయిదు గళ్ళు గీస్తూ]

మా వైపు లెక్క ఇది. వెల్లకిల పడ్డ గవ్వలెన్నో అంత పందెం. నాలుగూ వెల్లకిల పడితే చెమ్మా, నాలుగు గళ్ళు. నాలుగూ బోర్లా పడితే అష్టా, ఎనిమిది. ఈ రెండింట్లో ఏది పడినా ఇంకో పందెం. ఇంటింటికీ కొంచెం మారుతుంది, మీ ఇంటి పద్ధతి మీది.

ఇప్పుడు ఇది చూడండి. చింతపిక్కల్ని గచ్చు మీద ఒకవైపు అరగదీస్తే తెల్లగా వస్తుంది కదా. అవి నాలుగు తీసుకుందాం. రెండు వైపులూ సమానంగా పడతాయి అనుకుంటే, నాలుగు పిక్కలు పదహారు రకాలుగా పడొచ్చు. అందులో ఒకటి పడేవి 4 రకాలు, రెండు పడేవి 6, మూడు పడేవి 4. చెమ్మాకి ఒక్కటే, అష్టాకీ ఒక్కటే. గవ్వలైతే ఇంత కచ్చితంగా సమానం కావు, గవ్వ గవ్వకీ తేడా ఉంటుంది. పిక్కలతో అయితే మధ్యలో ఉన్న రెండే ఎక్కువసార్లు పడుతుందన్నది మీరే వేసి చూసుకోవచ్చు.

చాలా ఇళ్ళలో చెమ్మా గానీ అష్టా గానీ పడితేనే కాయ దిగాలి. అంటే పదహారింట్లో రెండు, ఎనిమిదింట్లో ఒకటి. ఎనిమిది సార్లు వేసినా కాయ దిగకుండా ఉండిపోయే అవకాశం దాదాపు మూడో వంతు. నలుగురు ఆడుతుంటే ఆ ఎనిమిది పందేల మధ్య మిగతా ముగ్గురూ వేసుకునే పందేలు ఎన్నో లెక్కేసుకోండి. అయిదేళ్ళ పిల్లాడిని బస్సు రాని స్టాపులో నిలబెట్టినట్టే. వాడు గవ్వలు విసిరికొట్టాడంటే ఓర్పు లేక కాదు, వాడి ఆట ఇంకా మొదలే కాలేదు. పెద్దవాళ్ళమైతే మనం మాత్రం ఊరుకుంటామా?

కాబట్టి మొదటి మార్పు ఇక్కడే. చిన్నపిల్లలకి ఆ దిగే నియమం తీసేయండి. కాయ మొదటి నుంచే గడిలో ఉంటుంది, ఏ పందెం పడితే అంత నడుస్తుంది. నాలుగేళ్ళ వాళ్ళకి మనిషికి ఒక్క కాయే, చంపుకోవడాలు (ఎదుటివాడి కాయ ఉన్న గడిలోకి వచ్చి దాన్ని మొదటికి పంపడం) లేవు, బయటి వరుస 16 గళ్ళు చుట్టి వచ్చేస్తే పండినట్టే. ఇదేం ఆటండీ అంటారేమో. వాడికి ఇదే ఆట. గవ్వలు వేయాలి, వెల్లకిల ఎన్ని పడ్డాయో చూడాలి, అన్ని గళ్ళు నడపాలి. ఒక్క వంతులో మూడు పనులు! ఆ వయసుకి అది నిండుగా సరిపోతుంది.

నడపడంలో ఒక చిక్కు ఉంది, దగ్గరగా చూస్తేనే కనబడుతుంది. మూడు పడిందనుకోండి. పిల్లలు చాలామంది కాయ ఉన్న గడినే వేలితో తాకి "ఒకటి" అంటారు. దాంతో ఒక గడి వెనకే ఉండిపోతారు. మనం "తప్పు, మళ్ళీ లెక్కపెట్టు" అంటాం. అదే లెక్క మళ్ళీ పెడతాడు, ఎందుకంటే వాడి వేలు ఆ గడి మీదే ఉంది! మాటలతో చెప్పేకన్నా ఆటని పెద్దది చేయండి. వరండాలోనో డాబా మీదనో అడుగు వెడల్పు గళ్ళు గీసి, పిల్లల్నే కాయలు చేయండి. గడిలో తనే నిలబడి ఉన్నప్పుడు "ఒకటి" అనాలంటే కాలు లేపి పక్క గడిలోకి గెంతాలి. కాలు కదిలితేనే ఒకటి అని ఒంటికి తెలిసిపోతుంది. తర్వాత చిన్న పటం మీదకి వస్తే వేలు కూడా దారిలో పడుతుంది. నేల ఆటల్లో నాకు బాగా ఇష్టమైనది ఇదే. పటం, కాయ, పిల్లాడు, మూడూ ఒకే చోట ఉంటాయి.

ఆరేళ్ళు వచ్చాక అదే పటం మీద ఇంకో మెట్టు. మనిషికి రెండు కాయలు ఇవ్వండి. రెండు పడింది, ముందున్న కాయ నడపాలా, వెనకున్నదా? వాడి జీవితంలో మొదటి ఎత్తు ఇది. దాంతోపాటు చంపుకోవడం, ఇంటూ గీసిన గడిలో ఉంటే చంపకూడదనడం కూడా తీసుకురండి. ఇక్కడే ఏడుపులు మొదలవుతాయి. చచ్చిన కాయ మొదటికి పోతే ఆరేళ్ళ వాడికి అది చాలా పెద్ద దెబ్బ. అందుకని చచ్చిన కాయ మొదటికి కాకుండా, వెనక దాటి వచ్చిన ఇంటూ గడికి పోతుందని పెట్టుకోండి. దెబ్బ తగులుతుంది, ఆట మాత్రం పోదు.

ఒక్క మాట గట్టిగా చెబుతాను. పిల్లాడు ఏడుస్తాడని కావాలని ఓడిపోకండి. వాళ్ళు కనిపెట్టేస్తారు. కనిపెట్టాక ఆ గెలుపు వాళ్ళకి చేదవుతుంది. నియమం మార్చండి, కానీ ఆట మొదలుపెట్టే ముందే, అందరి ఎదుటా, "ఈ రోజు ఇలా ఆడుకుందాం" అని చెప్పి మార్చండి. ఆ తర్వాత మీరు మీ బలంతో ఆడండి.

ఎనిమిదీ తొమ్మిదేళ్ళకి అసలు అష్టాచెమ్మా. నాలుగేసి కాయలు, ఒక్క కాయనైనా చంపితేగాని లోపలి వరుసలోకి వెళ్ళకూడదు, దిగడానికి చెమ్మా అష్టా పడాలి. "అంతా అదృష్టమేగా" అనేవాళ్ళు ఇక్కడ ఆగి చూడాలి. ఇందాకటి పదహారు రకాలు గుర్తున్నాయా? ఎదుటివాడి కాయ నా కాయకి రెండు గళ్ళ వెనక ఉంటే, నేను చచ్చే అవకాశం పదహారింట్లో ఆరు. ఒకటో మూడో గళ్ళ దూరమైతే నాలుగు. సరిగ్గా నాలుగు గళ్ళ దూరంలో ఉంటే ఒక్కటే. అయిదు గళ్ళ దూరమైతే వాడికి ముందు చెమ్మా పడి, ఆ వెంటనే ఒకటి పడాలి, అది మరీ అరుదు. అంటే కాయ ఎక్కడ ఆపాలన్నది నా చేతుల్లో ఉంది. పిల్లలకి ఈ అంకెలు ముందే చెప్పేయకండి, దయచేసి. ఒక కాగితం ఇచ్చి ప్రతి పందెం గీతలు పెట్టమనండి. ఏది ఎక్కువ పడుతోందో వాళ్ళే చెబుతారు. చెప్పిన మర్నాటి నుంచి వాళ్ళ కాయలు ఎదుటివాడికి రెండు గళ్ళ ముందు ఆగడం మానేస్తాయి, చూడండి!

లూడోలో పాచిక ఒక్కటే, ఒకటి నుంచి ఆరు దాకా అన్నీ సమానంగానే పడతాయి. అందుకే ఈ రకం ఆలోచనకి అక్కడ చోటు తక్కువ. లూడో మంచి ఆటే, రంగురంగులుగా ఉంటుంది, కానీ ఇంట్లో రెండూ ఉంటే నా ఓటు గవ్వలకే.

[గళ్ళ పక్కన ఇంకో పొడవాటి వరుస గీస్తూ]

టైమ్ దాటిపోతోంది, మిగతావి చకచకా చెప్పేస్తాను.

వైకుంఠపాళి. ఇందులో పిల్లాడు తేల్చుకోవాల్సింది ఏమీ లేదు, పందెం ఎంతో అంత నడవడమే. అది లోపం కాదు, నాలుగయిదేళ్ళ వాళ్ళకి అదే సుఖం, పెద్దవాళ్ళతో సమానంగా గెలుస్తారు. ఒకటే ఇబ్బంది, ఒక వరుస కుడికి పోతే పై వరుస ఎడమకి తిరుగుతుంది, మలుపు దగ్గర తికమక పడతారు. అంకెలు ఇప్పుడిప్పుడే వస్తున్న పిల్లలకి ఇంకా తేలికది ఇదిగో, ఒకే వరుసలో 1 నుంచి 10 దాకా గళ్ళు. 2008లో గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ అనే పరిశోధకులు అమెరికాలో పేద కుటుంబాల చిన్నపిల్లలతో ఇలాంటి ఆటే ఆడించారు. పావుగంట చొప్పున నాలుగు సార్లు, రెండు వారాల్లో. అంకెలున్న పటం మీద ఆడినవాళ్ళకి అంకెల మీద పట్టు పెరిగింది, రంగులు మాత్రమే ఉన్న పటం మీద ఆడినవాళ్ళకి పెరగలేదు. ఇందులో కిటుకు ఏమిటంటే, నడిచేటప్పుడు గడిలో ఉన్న అంకె పైకి అనాలి. అయిదులో ఉండి రెండు పడితే "ఒకటి, రెండు" కాదు, "ఆరు, ఏడు" అనాలి. సుద్దముక్క ఉంటే ఇప్పుడే ఆడుకోవచ్చు.

వామనగుంటలు. వరుసకి ఏడు, మొత్తం పద్నాలుగు గుంటలు. ఒక గుంటలోని గింజలు తీసి, తర్వాతి గుంటల్లో ఒక్కొక్కటి వేస్తూ పోవాలి. గవ్వలు వేసే పని లేదు, అదృష్టం అసలే లేదు, అంతా లెక్కే. పీట లేకపోతే నేల మీద పద్నాలుగు సున్నాలు చుట్టండి, చాలు. చిన్నవాళ్ళు ఎత్తులు వేయకపోయినా ఫర్వాలేదు, గుప్పెట్లోంచి ఒక్కో గింజ ఒక్కో గుంటలో జారవిడవడమే వాళ్ళకి పెద్ద పని. ఏడేళ్ళు దాటాక, చేతిలో గింజలు ఎక్కడ అయిపోతాయో ముందే చూసుకుని గుంట ఎంచుకోవడం మొదలవుతుంది. వంతు ఒక్కోసారి చాలాసేపు సాగుతుంది కాబట్టి ఎదుటివాళ్ళు ఆగాలి, అది చూసుకోండి.

పులి మేక. ఇంట్లో పదకొండేళ్ళ అక్క, ఏడేళ్ళ తమ్ముడు ఉన్నారా? మీకు ఇదే. మూడు పులులు, పదిహేను మేకలు, ఇద్దరివీ రెండు వేరే ఆటలు. పులి పని దూకి తినడం, అది తొందరగా వచ్చేస్తుంది. మేకలన్నీ కలిసికట్టుగా దారి మూసేయాలి, అది కష్టం. తమ్ముడికి పులులు, అక్కకి మేకలు ఇవ్వండి. ఎవరికీ తగ్గించి ఆడాల్సిన పని లేదు. తమ్ముడు వరసగా గెలుస్తుంటే పక్షాలు మార్చండి.

అచ్చనగాయలు చేతి ఆట. అయిదు రాళ్ళు, ఒకటి ఎగరేసి అది కింద పడేలోగా నేల మీదవి ఏరాలి. చిన్నవాళ్ళకి ఎగరేసే రాయిని మెత్తటి గుడ్డ ఉండగా మార్చండి, పట్టుకోవడం తేలిక. తొక్కుడుబిళ్ళకి కుదురుగా కూర్చోలేని పిల్లల్ని పిలవండి, వాళ్ళే రాజులు.

ఇక పెట్టె మీద వయసు సంగతి. "మూడేళ్ళ లోపు పిల్లలకి కాదు" అని రాసి ఉంటే అది తెలివికి సంబంధించింది కానే కాదు. చిన్న ముక్కలు గొంతులో అడ్డం పడతాయని. మావాడు చురుకైనవాడే అన్న మాట అక్కడ పనికిరాదు. మన దేశంలో 2021 జనవరి 1 నుంచి ఆటవస్తువులకి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి చేశారు, కొనేటప్పుడు చూసుకోండి. ఇంట్లో గవ్వలకీ చింతపిక్కలకీ మార్కు ఎవరూ వేయరు, ఆ జాగ్రత్త మనదే. పాకే పిల్లలున్న ఇంట్లో ఆట బల్ల మీద పెట్టుకోండి, నేల మీద వద్దు. ఆట అయ్యాక నాలుగు గవ్వలూ, ఎన్ని కాయలతో ఆడితే అన్ని కాయలూ పెద్ద పిల్లల చేతే లెక్కపెట్టించి డబ్బాలో వేయించండి. ఒక్కటి తగ్గినా ముందు వెతకండి, ఆ తర్వాతే లేవండి.