చెక్క స్పీకర్ల కిట్ రివ్యూ: డ్రైవర్ బాగుంది, డ్రాయింగే ముంచింది

నమస్తే అండి. ఈ రోజు బల్ల మీదున్నది ఇంట్లోనే చెక్కపెట్టె కట్టుకుని బిగించుకునే స్పీకర్ కిట్. ముందే చెప్పేస్తున్నా, దీన్ని ఫ్రీగా పంపారు. వీడియోకి డబ్బులు తీసుకోలేదు, వాళ్లకి ముందుగా చూపించనూ లేదు. పేరు, ధర, స్పెక్స్ అన్నీ స్క్రీన్ మీద ఉన్నాయి, మళ్లీ చదవను. లోపల 4 అంగుళాల ఫుల్ రేంజ్ డ్రైవర్లు (అన్ని స్వరాలూ ఒక్కటే పలికించే కోను యూనిట్లు) రెండు, టెర్మినల్ కప్పులు (వెనక వైర్లు బిగించే సాకెట్లు), స్క్రూలు, ఫోమ్ గాస్కెట్లు (సందులోంచి గాలి పోకుండా పెట్టే మెత్తటి రింగులు), ఒక డ్రాయింగ్ షీటు. చెక్క మాత్రం మనమే తెచ్చుకోవాలి.

మొదటిసారి రంపం పట్టేవాళ్లకి ఈ డిజైన్ సరైనదే. ఒక్కటే డ్రైవర్, క్రాసోవర్ (స్వరాల్ని డ్రైవర్ల మధ్య పంచే సర్క్యూట్) లేదు, గాలి గొట్టం లేని సీల్డ్ పెట్టె. పోర్టు ఉన్న పెట్టెలో గొట్టం పొడవో, పెట్టె కొలతో తప్పితే ట్యూనింగే మారిపోతుంది. సీల్డ్ పెట్టెలో 5 లీటర్లకి అర లీటరు అటూ ఇటూ అయినా చెవికి పెద్ద తేడా తెలియదు.

లోపలి కొలతలు 260 ఎత్తు, 160 వెడల్పు, 120 లోతు, అన్నీ మిల్లీమీటర్లలో. మూడూ వేరువేరుగా ఉన్నాయి చూడండి, అది మంచి పని. మూడు వైపులా ఒకే కొలత పెడితే ఒకే స్వరం దగ్గర పెట్టె మూడింతలు మోగుతుంది. 18 మి.మీ. చెక్కకి, ఒక్కో పెట్టెకి ముందు, వెనక పలకలు 196 × 296, పైనా కిందా 196 × 120, పక్కలు 260 × 120. రెండు పెట్టెలకి మొత్తం 12 ముక్కలు. 4 అడుగులు × 2 అడుగుల ముక్క ఒకటి చాలు. ప్లైవుడ్ షాపులో మిగులు ముక్కలు అడగండి, ఫుల్ షీటు కొనొద్దు. కోతలు కూడా అక్కడే ప్యానెల్ సా అనే పెద్ద కోత మిషన్ మీద వేయించుకోండి. చేతి రంపంతో 12 ముక్కలకీ మూలమట్టం నిలబెట్టడం కొత్తవాళ్లకి కష్టం.

ఏ చెక్క అంటే, హైదరాబాద్ లాంటి పొడి ఊళ్లో ఎండీఎఫ్ (చెక్క నారని జిగురుతో అదిమి చేసిన పలక) బాగుంటుంది. విశాఖ, కాకినాడ వైపు తేమకి దాని అంచులు ఉబ్బుతాయి, అక్కడ ఐఎస్ 710 ముద్ర ఉన్న ప్లై, అంటే మెరైన్ ప్లై తీసుకోండి. పూర్తి టేకు చెక్క వద్దు. వానాకాలంలో అడ్డంగా సాగి, ఎండాకాలంలో కుంచించుకుని, అతుకు దగ్గర సన్నగా విడుతుంది. ఆ సందులోంచి గాలి పోతే సీల్డ్ పెట్టె అన్న మాటకే అర్థం లేదు. టేకు అందం కావాలంటే ప్లై మీద టేకు వెనీర్ (పల్చటి చెక్క పొర) అతికించండి.

ఇప్పుడు నాకు ఒళ్లు మండిన విషయానికి వస్తాను. ఆ డ్రాయింగ్ షీటు.

చెక్క సరిగ్గా 18 మి.మీ. ఉంటుందనుకుని గీశారు. మన షాపుల్లో 18 అని ఇచ్చే ప్లై కొలిస్తే చాలాసార్లు 17.3, 17.5 వస్తుంది. అప్పుడు 296 పలక పైనా కిందా కలిపి మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర బయటికి పొడుచుకొస్తుంది. దీనికి మందు తేలికే. ముందు, వెనక పలకలు నాలుగు వైపులా 2 మి.మీ. ఎక్కువ కోయించి, అతికించాక ట్రిమ్మర్‌కి (చెక్క అంచులు చెక్కే చిన్న కరెంటు మిషన్) బేరింగ్ ఉన్న ఫ్లష్ ట్రిమ్ బిట్ పెట్టి, పక్క పలకతో సమానంగా చెక్కేయండి. ఈ ఒక్క వాక్యం షీటులో ఎక్కడా లేదు.

అంతకంటే పెద్ద తప్పు డ్రైవర్ రంధ్రం దగ్గర. షీటులో ఉన్నది ఒకటే అంకె, రంధ్రం 94 మి.మీ. డ్రైవర్ బయటి అంచు వ్యాసం ఎంత, దాన్ని చెక్కలోకి ఎంత దించాలి, ఏమీ రాయలేదు. కొలిచి చెప్తున్నా: అంచు 116, గాస్కెట్‌తో కలిపి మందం 4. అంటే ముందు 117 మి.మీ. వృత్తంలో 4 మి.మీ. లోతు గాడి, తర్వాత దాని మధ్యలో 94 రంధ్రం. ఈ వరస తిప్పితే పని చెడుతుంది. రంధ్రం ముందే కోసేస్తే, ట్రిమ్మర్‌ని గుండ్రంగా తిప్పడానికి మధ్యలో కొట్టే మేకు దిగడానికి చెక్కే మిగలదు, గాడికి కేంద్రం పోతుంది.

జిగ్ సా తో ఈ గుండ్రం రాదు, బ్లేడు లోపల వాలిపోతుంది. 6 మి.మీ. ప్లై పట్టీకి ట్రిమ్మర్ బిగించి, మేకు కేంద్రంగా తిప్పండి. బిట్ 6 మి.మీ. అయితే 94 రంధ్రానికి మేకు నుంచి బిట్ మధ్యకి దూరం 47 కాదు, 44. బిట్ బయటి అంచే రంధ్రం అవుతుంది కాబట్టి సగం బిట్ తీసేయాలి. అదే లెక్కన గాడి బయటి అంచుకి 55.5, అక్కడి నుంచి లోపలికి జరుపుతూ 94 గీత దాకా చెక్కండి. ఒకేసారి దించొద్దు, 3 మి.మీ. చొప్పున దించండి. చివరి విడతకి ముందు, రంధ్రం మధ్యలోంచి ఊడే గుండ్రటి బిళ్లని కింద డబుల్ టేపుతో పనికిరాని చెక్కకి అతికించండి, లేదంటే బిళ్ల ఊడి బిట్‌కి తగిలి అంచు కొరుక్కుపోతుంది. మాస్క్ తప్పనిసరి. ఎండీఎఫ్ పొడిలో జిగురు రసాయనాలు కూడా ఉంటాయి, మామూలు రంపపు పొట్టు లాంటిది కాదు.

రంధ్రం వెనక అంచుని 45 డిగ్రీల ఏటవాలుగా చెక్కండి. గాడి పోగా మిగిలే 14 మి.మీ. సొరంగంలో చిన్న డ్రైవర్ వెనక గాలి ఇరుక్కుంటుంది. స్క్రూలు పడే నాలుగు చోట్లా మాత్రం చెక్క వదిలేయండి.

అతుకులకి వైట్ జిగురు చాలు. ఎండీఎఫ్ అంచు జిగురు తాగేస్తుంది, అందుకే పల్చగా ఒక పూత పూసి 5 నిమిషాలు ఆగి, రెండో పూత వేసి క్లాంపు బిగించండి. గంట తర్వాత క్లాంపు తీయొచ్చు, 24 గంటల వరకూ చెక్కడం మొదలుపెట్టొద్దు. లోపలి మూలలన్నిటికీ వేలితో జిగురు గీత వేయండి. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ వద్దు, ఆ ఆవిరి రాగిని తినేస్తుంది.

అంతా బిగించాక, లీకు చూడ్డానికి ఆంప్‌లో 40 హెర్ట్జ్ స్వరం తక్కువ సౌండ్‌లో పెట్టి, వెలిగించిన అగరుబత్తి అతుకుల వెంట నడపండి. పొగ ఎక్కడ ఊగితే అక్కడ సందుంది. ఎక్కువగా దొరికేది చెక్క అతుకుల దగ్గర కాదు, టెర్మినల్ కప్పు చుట్టూ. కిట్‌లో దానికి గాస్కెట్ లేదు, ఇది కూడా రాసుకోండి.

లోపల దిండ్లలో వాడే పాలిస్టర్ ఫైబర్ ఒక్కో పెట్టెకి 50 గ్రాములు, పలచగా విప్పి నింపండి. బూరుగు దూది ముద్దకడుతుంది. వైరు కలిపేముందు 1.5 వోల్టుల సెల్ తాకించండి, ప్లస్‌కి ప్లస్ పెడితే కోను ముందుకు రావాలి. రెండింట్లో ఒకటి తిరగబడితే బేస్ మాయమవుతుంది, చాలామంది అప్పుడు డ్రైవర్‌ని తిడతారు.

సౌండ్ సంగతి. గొంతులు చాలా దగ్గరగా, స్పష్టంగా వినిపిస్తాయి. పాత పాటలకి, వార్తలకి నాకు చాలా నచ్చింది. గది మధ్యలో పెడితే మాత్రం పల్చగా ఉంటుంది, ఎందుకంటే 196 మి.మీ. వెడల్పు పలక దాదాపు 590 హెర్ట్జ్ కింద శబ్దాన్ని ముందుకు నెట్టలేదు, అది వెనక్కి చుట్టుకుపోతుంది. గోడకి 10, 15 సెంటీమీటర్ల దూరంలో పెట్టండి, పోయిన ఆ కింది స్వరాల బరువు చాలావరకు తిరిగొస్తుంది. వెనక పోర్టు లేదు కాబట్టి ఆ దూరం సరిపోతుంది.

ఇక నా మాట. డ్రైవర్‌కి మంచి మార్కులే. కానీ కొత్తవాళ్ల కోసం అని కిట్ అట్టపెట్టె మీద అచ్చువేసి, రంధ్రం కొలత ఒక్కటి రాసి పంపడం నాకు మింగుడుపడలేదు. నిజం సైజులో ఒక కాగితం టెంప్లేట్ వేస్తే వాళ్లకి ఖర్చెంత? అది వేసేవరకూ కొత్తవాళ్లని ఈ కిట్ కొనమని చెప్పను. ఇప్పటికే కొన్నవాళ్లు ముందు పలక ముట్టుకోకండి. మిగులు ముక్క మీద గాడి, రంధ్రం ఒకసారి వేసి, డ్రైవర్ అందులో దించి, అంచు మీద గోరు నడిపి చూడండి. గోరు తగలకపోతే అప్పుడు అసలు పలక తీయండి.