గది గాలిని కొలిచి చూద్దాం

అందరికీ నమస్కారం.

మనం వదిలే ఊపిరిలో దాదాపు 4 శాతం కార్బన్ డయాక్సైడే. అంటే పది లక్షల్లో 40,000 భాగాలు. బయటి గాలిలో అది ఇప్పుడు 420 పైచిలుకు. తలుపులు మూసిన గదిలో కార్బన్ డయాక్సైడ్ కొలిచే మీటరు 1,220 చూపిస్తోందనుకోండి. బయటికన్నా 800 ఎక్కువ. ఆ 800 అక్కడున్నవాళ్ల ఊపిరి నుంచి వచ్చిందే. దాన్ని 40,000తో భాగిస్తే 2 శాతం. ఆ గదిలో మీరు పీల్చే గాలిలో యాభయ్యో వంతు అప్పటికే ఎవరో పీల్చి వదిలినది. వాళ్లలో ఒకరికి ఫ్లూ ఉంటే? నన్ను ఈ మీటర్ల వైపు లాగింది ఈ లెక్కే.

మాక్స్ ఫాన్ పెటెన్‌కోఫర్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1858లోనే గది గాలికి 1,000 అనే హద్దు సూచించాడు. ఇవాళ ఆ కొలత జేబులో పట్టే పరికరంతో తెలిసిపోతుంది.

ఈ మీటరు తయారీ పెద్ద కష్టం కాదు. ఈఎస్‌పీ32 లాంటి చిన్న కంప్యూటర్ బోర్డు, చిన్న తెర, బ్యాటరీ, సెన్సర్ చాలు. జాగ్రత్తంతా సెన్సర్ ఎంపికలోనే. కార్బన్ డయాక్సైడ్ 4.26 మైక్రాన్ల పరారుణ కాంతిని పీల్చుకుంటుంది. ఎంత కాంతి తగ్గిందో కొలిచేవి ఒక రకం. ఎస్‌సీడీ41 లాంటివి, కాంతి పీల్చిన వాయువు వేడెక్కి వ్యాకోచించినప్పుడు పుట్టే సన్నని శబ్దాన్ని మైక్రోఫోన్‌తో వింటాయి. నాకు ఇది ఎంత చూసినా ముచ్చటగానే ఉంటుంది! ‘ఈసీఓ2’ అని రాసి ఉన్నవి మాత్రం కొనకండి. అవి వేరే ఆవిర్లను పసిగట్టి అంచనా వేస్తాయంతే. దగ్గర్లో శానిటైజర్ మూత తీస్తే చాలు, అంకె ఎగిరిపోతుంది.

ఇంకో చిక్కుంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. ఈ సెన్సర్లలో చాలావరకు తమను తామే సరిచేసుకుంటాయి. వారం రోజుల్లో కనిపించిన కనిష్ఠ విలువే బయటి గాలి, అంటే సుమారు 400, అనుకుంటాయి. ఎప్పుడూ 700కు తగ్గని గదిలోనే మీటరును ఉంచేస్తే, మెల్లగా ఆ 700నే 400గా చూపించడం మొదలుపెడుతుంది. గాలి బాగుందన్న తప్పుడు ధైర్యం అది. కాబట్టి వారానికోసారైనా దాన్ని ఆరుబయట కాసేపు ఉంచండి. లేదా ఆ సదుపాయం ఆపేసి, బయటి గాలిలో మీరే సరిచేయండి.

వాడేటప్పుడు ముఖానికి దూరంగా పెట్టి, కొన్ని నిమిషాలు ఆగి చూడండి. అంకె ఎక్కువుంటే ఒక కిటికీ తెరవండి, తర్వాత ఎదురుగా ఉన్నది కూడా తెరవండి. తేడా మీకే తెలుస్తుంది. అది బడిలో గదైతే, తరగతి ముగిసి పిల్లలంతా వెళ్లిపోయాక కూడా కొలవండి. బయటికన్నా ఎక్కువున్న భాగం సుమారు 40 నిమిషాల్లో సగమైతే, గంటకు ఒకసారి గాలి మారుతున్నట్టు. 20 నిమిషాల్లోనే సగమైతే రెండుసార్లు. యాజమాన్యంతో మాట్లాడేటప్పుడు, గది ఉక్కగా ఉందనడం కన్నా ఈ లెక్క బాగా పనిచేస్తుంది.

గాలిలోని సన్నని కణాలను పట్టే హెపా ఫిల్టర్ పెడితే వైరస్ కణాలు తగ్గుతాయి, కానీ మీటరులో అంకె తగ్గదు. అందుకని ఫిల్టర్ దండగ అనుకోకండి. పొగ, కార్బన్ మోనాక్సైడ్ ఈ మీటరుకు కనిపించవు. గదిలో ఏదైనా మండించే పరికరం ఉంటే, మోనాక్సైడ్‌కు విడిగా అలారం పెట్టుకోవాల్సిందే.